తరుగు, మజూరీ: ఖరీదైన వాచీ డయల్ లెక్క

ఏ హీరోనో, క్రికెటరో కొత్త వాచీతో ఫొటోలో కనబడితే చాలు, సాయంత్రానికల్లా "ఆ వాచీ ధర తెలిస్తే నోరెళ్లబెడతారు" అని వార్త వచ్చేస్తుంది. ధర చెబుతారు, కంపెనీ పేరు చెబుతారు, మహా అయితే బంగారమా ప్లాటినమా అన్నది చెబుతారు. అంత ధర ఎందుకయిందో మాత్రం చెప్పరు. దాంతో చదివేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు సరిపెట్టుకుంటారు. లోపల వజ్రాలేవో ఉండి ఉంటాయని కొందరు, అంతా బ్రాండ్ పిచ్చేనని కొందరు.

బ్రాండ్ పిచ్చి ఉన్న మాట నిజమే. అయితే ఒకే కంపెనీ, ఒకే సైజు, లోపల ఒకే యంత్రం ఉన్న రెండు వాచీల మధ్య కూడా ధరలో చాలా తేడా ఉండటం చూస్తాం. పటేక్ ఫిలిప్ కంపెనీదే తీసుకుందాం. వరల్డ్ టైమ్ అని ఆ కంపెనీకి ఒక పాత వరస ఉంది. డయల్ చుట్టూ ఊళ్ల పేర్లుంటాయి, 24 టైమ్ జోన్లలో ఎక్కడ ఎంతయిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. లూయీ కోతియే అనే జెనీవా నిపుణుడు 1930లలో చేసిన ఏర్పాటు ఇది. ఈ వరసలో 5230, 5231 అనే రెండు మోడళ్లు వచ్చాయి. రెండింటి కేసూ 38.5 మిల్లీమీటర్లే. రెండింట్లోనూ తిరిగేది 240 హెచ్‌యూ అనే యంత్రమే. 5230లో డయల్ నడుమ సన్నటి గీతలు చెక్కిన లోహపు పలక ఉంటుంది. 5231లో అదే చోట ఖండాల పటాన్ని బంగారు తీగలతో, రంగు గాజుతో తీర్చిదిద్దారు. 2019లో 5231 వచ్చినప్పుడు దాని ధర 70 వేల డాలర్లు దాటింది. 5230 అప్పటికి 50 వేల డాలర్ల లోపే ఉంది. రూపాయి బిళ్లకన్నా చిన్నదైన ఆ నడిమి భాగమే ఈ తేడాకు ప్రధాన కారణం.

నగల షాపుకి వెళ్లినవాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు. బంగారం ధర ఒకటి, దాని మీద తరుగు, మజూరీ వేరు. డయల్ విషయంలో లోహం విలువ దాదాపు లేనట్టే. ధర అంతా తరుగులోనూ మజూరీలోనూ ఉంటుంది. అందుకే "చేతిపని డయల్" అని చెప్పి అమ్మే ఏ వాచీని చూసినా వేయాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో తరుగు ఎంత, మజూరీ ఎంత, అవి నిజంగా ఈ ఒక్క డయల్ మీద పడ్డవా లేక ఒకసారి చేసి వేల డయల్స్‌కి పంచిందా?

టైమ్ చవకైపోయాక

ఈ ప్రశ్న ఇంత ముఖ్యం కావడానికి ఒక చరిత్ర ఉంది. 1969 డిసెంబరు 25న సీకో కంపెనీ టోక్యోలో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని, అంటే బ్యాటరీతో, స్ఫటికపు కంపనాల లెక్కన నడిచే వాచీని, అమ్మకానికి పెట్టింది. ధర 4.5 లక్షల యెన్‌లు. ఆ రోజుల్లో అంత డబ్బుకి చిన్న కారు వచ్చేది. కానీ పదేళ్లు తిరిగేసరికి క్వార్ట్జ్ వాచీలు అందరికీ అందే ధరకి దిగాయి. మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకి అటూ ఇటూగా 15 సెకన్ల తేడాతో నడుస్తుంది. కీ ఇచ్చే వాచీల్లో మంచివాటికి స్విట్జర్లాండ్‌లోని కాస్క్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టుకి కూడా రోజుకి 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు వరకు పర్వాలేదు. అంటే వందల రూపాయల వాచీ చేసే పనిని లక్షల రూపాయల వాచీ అంత బాగా చేయలేదు. ఈ దెబ్బకి 1970లో దాదాపు 90 వేల మంది పనిచేసిన స్విస్ వాచీ పరిశ్రమలో 1980ల నడుమకొచ్చేసరికి మూడో వంతు ఉద్యోగాలే మిగిలాయి.

బతికి బట్టకట్టిన కంపెనీలు టైమ్ మీద పోటీ మానుకున్నాయి. మొదట్లో యంత్రం గొప్పతనం చెప్పుకున్నాయి. ఇన్ని పళ్లచక్రాలు, ఇన్ని రాళ్లు, టూర్‌బియాన్ (గురుత్వాకర్షణ వల్ల వచ్చే తేడాని సరిచేయడానికి యంత్రంలో గుండ్రంగా తిరిగే భాగం) అంటూ. తర్వాత ఆ మాటకి కూడా పదును తగ్గింది. కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రాలు వచ్చాక మంచి యంత్రభాగం చేయడం డబ్బు, ఓపిక ఉన్న ఏ కంపెనీకైనా సాధ్యమైంది. పైగా యంత్రం వెనకవైపు ఉంటుంది. దాన్ని చూడాలంటే వాచీ విప్పాలి. రోజుకి యాభైసార్లు కనబడేది ముందున్న డయలే. మనిషి చేయి పడిందని చూడగానే తెలిసే చోటు కూడా అదే. గత ఇరవై ఏళ్లలో పెద్ద కంపెనీలన్నీ డయల్ పనివాళ్ల కోసం పోటీపడటం వెనక ఉన్న కారణం ఇదేనని చెప్పాలి. స్విట్జర్లాండ్‌లోని లె లోక్ల్ ఊళ్లో ఎనామెల్ డయల్స్, అంటే లోహం మీద గాజు కరిగించి పూసిన డయల్స్, చేసే దొంజే కద్రాన్ అనే చిన్న కార్ఖానాను 2011లో యులిస్ నార్డిన్ కంపెనీ ఏకంగా కొనేసింది. 1972లో ఫ్రాన్సిస్ దొంజే పెట్టిన కార్ఖానా అది. అలాంటి చేతులు దొరకడం ఎంత కష్టమైపోయిందో ఆ ఒక్క కొనుగోలు చూస్తే తెలుస్తుంది.

విచిత్రం ఏమిటంటే ఎనామెల్ డయల్ ఒకప్పుడు విలాసమే కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చాలా జేబు గడియారాల మొహాలు తెల్లటి ఎనామెల్‌వే. దీపం వెలుగులో కూడా నల్లటి అంకెలు స్పష్టంగా కనబడతాయి, తెలుపు మాసిపోదు, తుప్పు పట్టదు. పాత ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ దొరికే తాతల నాటి జేబు గడియారం తీసి చూస్తే ముళ్లు నల్లబడి ఉంటాయి, కేసు రంగు పోయి ఉంటుంది, డయల్ మాత్రం నిన్న చేసినట్టే ఉంటుంది. కాకపోతే వెంట్రుక వాసి పగుళ్లు ఒకటో రెండో కనిపిస్తాయి. చేతి వాచీలు వచ్చాక ఎనామెల్‌కి కష్టకాలం మొదలైంది. చేతికుండే వస్తువుకి దెబ్బలు ఎక్కువ, డయల్ పలచగా ఉండాలి, వేలల్లో తయారు కావాలి. ఇత్తడి రేకు మీద రంగు వేసి అంకెలు అచ్చుకొట్టడం అన్నివిధాలా సులువనిపించింది. మామూలు పని మాయమై, పనివాళ్లు తగ్గిపోయి, తర్వాత అదే అపురూపమై తిరిగొచ్చింది.

కొలిమిలో ఏం జరుగుతుంది

ఎనామెల్ అంటే రంగు కాదు, గాజు. మన ఇళ్లలో అంచు నీలంగా ఉండి, కిందపడితే పెచ్చు లేచి లోపల నల్లటి ఇనుము కనబడే పాత పింగాణీ పళ్లేలు కూడా ఎనామెల్ పూసినవే. నగల వాళ్లు మీనా పని అనేది కూడా ఇదే. జైపూర్ మీనాకారీలో బంగారం మీద గుంటలు చెక్కి రంగు గాజు నింపి కాలుస్తారు. అదే పద్ధతిని జెనీవాలో షాంప్‌లెవే అంటారు. వాచీ డయల్‌కి వచ్చేసరికి మారేది ఒక్కటే: ఇక్కడ తప్పుకి చోటు లేదు.

డయల్‌కి సాధారణంగా పలచటి రాగి రేకు వాడతారు, ఖరీదైనవాటికి బంగారం. దాన్ని గుండ్రంగా కోసి, ముళ్ల ఇరుసుకి నడుమ చిల్లు పెట్టి, కొద్దిగా ఉబ్బెత్తుగా వంచుతారు. గాజుని మెత్తటి పొడి చేసి నీళ్లలో పదేపదే కడుగుతారు. మురికి ఏమాత్రం మిగిలినా తర్వాత మచ్చగా తేలుతుంది. ఆ పొడిని జల్లెడతో చల్లడమో, తడిపి సన్నటి కుంచెతో పేర్చడమో చేసి, ఆరాక 800 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న కొలిమిలో పెడతారు. అందులో ఉంచేది ఎంతోసేపు కాదు, ఒకటి రెండు నిమిషాలు. పొడి కరిగి, మెరిసే పొరగా పరుచుకుంటుంది. బయటికి తీసి, చల్లార్చి, రాయితో సాపు చేసి మళ్లీ పొడి, మళ్లీ కొలిమి. మామూలు తెల్ల డయల్‌కే ఇది చాలాసార్లు జరుగుతుంది. బొమ్మలున్న డయల్ పదిసార్లకి పైగా కొలిమి ఎక్కవచ్చు. గ్రాండ్ ఫ్యూ అని గొప్పగా చెప్పేది ఈ పెద్ద మంట పనినే.

డయల్ వెనక్కి తిప్పి చూస్తే అక్కడా ఎనామెల్ ఉంటుంది. ఎవరూ చూడని వైపు ఎందుకు పూసినట్టు? చల్లారేటప్పుడు రాగి ఎక్కువ ముడుచుకుంటుంది, గాజు తక్కువ ముడుచుకుంటుంది. ఒకవైపే గాజు ఉంటే రేకు వంగిపోయి పైపొర పగులుతుంది. రెండువైపులా ఉంటే లాగుడు సమానమై నిలుస్తుంది. ఆ వెనక పొర లేకుండా ముందు పొర బతకదు.

రంగుల సంగతి ఇంకో తలనొప్పి. కోబాల్ట్ ఆక్సైడ్ నీలం ఇస్తుంది, రాగి ఆకుపచ్చ ఇస్తుంది, తగరం తెలుపు ఇస్తుంది, గులాబీ, కొన్ని ఎరుపులు బంగారం నుంచే వస్తాయి. పొడిగా ఉన్నప్పుడు ఉన్న రంగు వేరు, కాలాక వచ్చే రంగు వేరు. ఎక్కువ వేడి కోరే రంగులు ముందు కాల్చాలి, తక్కువ వేడి చాలే రంగులు చివర్లో. వరస తప్పితే ముందు వేసినవి మాడతాయి. గాలి బుడగ పైకొచ్చి చిన్న గుంట పడొచ్చు, కొలిమిలోంచి నలుసు వచ్చి వాలొచ్చు, నడిమి చిల్లు అంచున సన్నటి పగులు మొదలవ్వొచ్చు. ఎనిమిదో కాల్పు దాకా అన్నీ బాగుండి తొమ్మిదో కాల్పులో నల్లచుక్క ఒకటి తేలితే అంతవరకు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ డయల్ పక్కన పడేసి కొత్త రేకుతో మొదలుపెట్టాలి. షోరూములో కనబడే ఒక్క డయల్ ధరలో కొలిమిలో చచ్చిన డయల్స్ ధర కూడా కలిసే ఉంటుంది. తరుగు అంటే ఇక్కడ అదీ.

మజూరీ చూడాలంటే క్లోయిజొనే పని చూడాలి. 5231లో ఉన్నది అదే. మిల్లీమీటరులో పదో వంతుకన్నా పలచటి బంగారు తీగని చదునుగా చేసి, పట్టకారుతో వంచుతూ, ఖండాల అంచుల వెంట నిలబెడతారు. ఎర్ర సముద్రం మలుపు, ఇటలీ కొమ్ము, అన్నీ తీగలే. అలా ఏర్పడ్డ బుల్లి అరల్లో ఒక్కో రంగు పొడిని కుంచెతో నింపుతారు. సముద్రం ఒక నీలంతో సరిపోదు. ఒడ్డు దగ్గర లేతగా, లోతుకి పోయేకొద్దీ ముదురుగా కనబడాలంటే పక్కపక్కన వేర్వేరు నీలాలు పేర్చాలి. అన్నీ కాలాక పైభాగం అరగదీసి, తీగ అంచు, గాజు ఒకే మట్టానికి తెచ్చి, చివరి మెరుగు కోసం మళ్లీ కొలిమికి. ఆ వేడిలో తీగ కదిలినా, గాజు కుంగినా కథ కంచికే.

ఇలాంటి చేతులు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అన్నది కంపెనీలకి ప్రచారమూ, నిజమూ కూడా. అనీతా పోర్షే అనే స్విస్ ఎనామెల్ కళాకారిణి ఎన్నో పెద్ద కంపెనీలకి డయల్స్ చేసింది. ఆమెకీ, ఆమెకన్నా ముందుతరం కళాకారిణి సుజాన్ రోర్‌కీ కలిపి 2017లో జెనీవా గ్రాండ్ ప్రీ వాచీ అవార్డుల్లో జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చారు. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉండే ఈ లోకంలో డయల్ చేసిన మనిషి పేరుకి బహుమతి రావడం చెప్పుకోదగ్గ మార్పే.

పాత డయల్స్‌కి వేలంపాటల్లో వచ్చే ధర ఇంకో మెట్టు పైన ఉంటుంది. 1950లలో పటేక్ కొద్ది సంఖ్యలో చేసిన 2523 అనే వరల్డ్ టైమ్ వాచీల్లో యూరేషియా పటం క్లోయిజొనే డయల్‌తో ఉన్నది ఒకటి 2021 మేలో జెనీవా ఫిలిప్స్ వేలంలో 70 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి అమ్ముడుపోయింది. అది సహజంగానే అరుదుదనానికి, పేరుకి, ఇద్దరు ధనవంతుల పంతానికి పడ్డ ధర. తరుగు మజూరీ లెక్కతో అంత దూరం వెళ్లలేం.

అదే గాజు, వెయ్యి డాలర్లకి

ఇంతవరకు చదివి ఎనామెల్ అంటేనే లక్షలు అనుకుంటే పొరపాటు. జపాన్‌లో సీకో కంపెనీ 1913లో చేసిన లారెల్ అనే వాచీ ఆ దేశపు మొదటి చేతి వాచీ. దాని డయల్ ఎనామెలే. ఆ గుర్తుగా సీకో ప్రెసాజ్ వరసలో నిజమైన ఎనామెల్ డయల్ వాచీలు చేస్తోంది. మిత్సురు యోకోసావా అనే నిపుణుడి అజమాయిషీలో ఈ డయల్స్ తయారయ్యాయి. 2017 ప్రాంతంలో వీటిలో సాదా మోడల్ ధర వెయ్యి డాలర్ల చుట్టుపక్కలే ఉండేది.

అదే గాజు, అదే కొలిమి, డెబ్బై రెట్లు తక్కువ ధర. ఎలా? రేకు రాగికి బదులు ఉక్కు. గాజు ద్రవాన్ని కుంచెతో పేర్చకుండా చల్లుతారు. ఒకే తెలుపు, బొమ్మల్లేవు, తీగల్లేవు. కేసు స్టీలు. తరుగు ఇక్కడా ఉంది, పొర మందం తేడా వస్తే ఇక్కడా డయల్ పారేయాల్సిందే. కానీ మజూరీ బాగా తగ్గింది. దీని తెలుపు పక్కన రంగు పూసిన మామూలు తెల్ల డయల్ పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఎనామెల్ తెలుపు లోపల్నుంచి వచ్చినట్టు ఉంటుంది, రంగు తెలుపు పైన అతికినట్టు ఉంటుంది. డబ్బుకి తగ్గ డయల్ అంటే మొత్తం మార్కెట్లో ఇదేనని చెప్పడానికి పెద్దగా సందేహించక్కర్లేదు. అంటే "ఎనామెల్" అన్న ఒక్క మాట ధరకి సంజాయిషీ కాదు. ఆ ఎనామెల్‌తో ఏం చేశారన్నదే ధర.

అచ్చు మీద కష్టం

రెండో రకం డయల్స్‌లో కష్టం ఒక్కో డయల్ మీద పడదు. దీనికి మంచి ఉదాహరణ గ్రాండ్ సీకో ఎస్‌ఎల్‌జీహెచ్005. వాచీ ప్రియులు దీన్ని వైట్ బర్చ్ అనే పిలుస్తారు. జపాన్ ఉత్తరాన ఇవాతే ప్రాంతంలో తెల్లటి బెరడుండే బర్చ్ చెట్ల అడవులున్నాయి. ఆ చెట్ల మానుల్లా నిలువునా గరుకు గీతలతో వెండి తెలుపులో ఉంటుంది ఈ డయల్. అదే ప్రాంతంలోని షిజుకుయిషి స్టూడియోలో దీన్ని తయారు చేస్తారు. 2020లో ప్రారంభమైన ఆ చెక్క భవనాన్ని ప్రసిద్ధ వాస్తుశిల్పి కెంగో కుమా రూపొందించాడు. లోపలి 9ఎస్ఏ5 యంత్రం గంటకి 36,000 సార్లు కొట్టుకుంటుంది, ఒకసారి పూర్తిగా కీ ఇస్తే 80 గంటలు నడుస్తుంది. 2021లో ధర 9,100 డాలర్లు. ఆ ఏడాదే జెనీవా గ్రాండ్ ప్రీలో పురుషుల వాచీ బహుమతి గెలిచింది. స్విస్ గడ్డ మీద జపాన్ డయల్ ఈ స్థాయిలో మెప్పు పొందడం చిన్న విషయం కాదు.

ఈ డయల్ మీద గీతలు ఎవరూ ఒక్కోటీ చెక్కలేదు. ముందు గట్టి ఉక్కు అచ్చు మీద ఆ గీతల్ని తయారు చేస్తారు. ఆ అచ్చుతో లోహపు రేకుని ప్రెస్సులో నొక్కుతారు. తర్వాత పూత, పైన పారదర్శకమైన లక్క, మళ్లీ సాపు. అచ్చు చేసేటప్పుడు పడ్డ కష్టం అసాధారణమైనదే. మాను గరుకుదనం చూపించాలి, అదే సమయంలో ముళ్లు, గంటల గుర్తులు ఆ గరుకులో కలిసిపోకుండా కనబడాలి. వెలుతురు పక్కనుంచి పడితే గీతలు లేచి నిలుస్తాయి, ఎదురుగా పడితే దాదాపు మాయమవుతాయి. కానీ అచ్చు ఒకసారి కుదిరాక వేల డయల్స్ అలాగే వస్తాయి. మజూరీ అంతా మొదట్లోనే పడి అందరికీ పంచబడింది. కొనేవాడికి దీనివల్ల నష్టమేం లేదు, నిజానికి లాభమే. ఇంత లోతున్న డయల్ పది వేల డాలర్ల లోపు రావడానికి కారణం ఈ పద్ధతే.

ఇదే కంపెనీ 2010లో తెచ్చిన స్నోఫ్లేక్ డయల్ కూడా ఇలాంటిదే. షిన్షూ కొండల్లో గాలికి గీతలు పడ్డ మంచు దానికి మూలం. ఆ తెలుపులో తెల్ల రంగు లేదు, గరుకు పలక మీద వేసిన వెండి పూత అలా కనబడుతుంది. కాకపోతే దానిలోని స్ప్రింగ్ డ్రైవ్ యంత్రం స్ప్రింగుతోనే నడిచినా వేగాన్ని క్వార్ట్జ్ అదుపు చేస్తుంది, కాబట్టి దాన్ని పూర్తి మెకానికల్ వాచీ అనడానికి చాందసులు ఒప్పుకోరు. దాని విజయం చూశాక ప్రతి కంపెనీ డయల్ వెనకా ఒక సరస్సో, ఒక అడవో, ఒక వెన్నెల రాత్రో వచ్చి కూర్చుంది. వాటిలో చాలావాటికి కథ ముందు, డయల్ తర్వాత.

ఒక్కో డయల్ మీద చేసే పనికీ, అచ్చు పనికీ నడిమిది గియోషే. పాత రోజ్ ఇంజిన్ లేత్ మీద ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో కోత పనిముట్టుని అదిమి పట్టి అలలు అలలుగా గీతలు కోస్తారు. చేయి వణికితే డయల్ పోయినట్టే. పారిస్‌లో గడియారాలు చేసిన బ్రెగె 1780లలో దీన్ని డయల్స్ మీదకి తెచ్చాడు. అది అందానికే తెచ్చింది కాదు. సాదా వెండి డయల్ వెలుతురుకి తళుక్కుమని అంకెలు కనబడనిచ్చేది కాదు. గీతలు ఆ మెరుపుని విరగ్గొట్టాయి. సెకన్ల వృత్తానికి ఒక రకం, నడుమ ఇంకో రకం గీతలు వేయడంతో ఏది ఏదో విడిగా తెలిసింది. ఇలాంటి లేత్‌లు కొత్తగా చేసేవాళ్లు దాదాపు లేకపోవడంతో పాతవాటినే బాగుచేసుకుని వాడుతున్నారు. అచ్చుతో నొక్కిన గియోషే కూడా బోలెడు దొరుకుతుంది. భూతద్దం పెడితే దొరికిపోతుంది: చెక్కిన గీత అంచు పదునుగా, గోడ అద్దంలా మెరుస్తుంది. నొక్కిన గీత అంచు కొద్దిగా గుండ్రబడి ఉంటుంది.

ఉల్కరాయి, ముత్యపు చిప్ప, అవెంచురిన్ డయల్స్‌ది వేరే దారి. అక్కడ గొప్పతనం పదార్థానిది, కోసేవాడిది కొంత. అవెంచురిన్ అని నక్షత్రాల రాత్రిలా మెరిసేది చాలా వాచీల్లో ప్రకృతి ఇచ్చిన రాయి కాదు, లోహపు రేణువులు కలిపిన గాజు. అది తప్పేం కాదు, తెలిసి కొంటే చాలు.

మాటల్లో మోసపోయే చోట్లు

కోల్డ్ ఎనామెల్ అన్న మాట దగ్గర ముందు జాగ్రత్తపడాలి. అది కొలిమి ఎక్కని రెజిన్. గాజు కాదు, 800 డిగ్రీలు కాదు, తరుగు పెద్దగా లేదు. చూడటానికి బాగానే ఉంటుంది, గీతలు త్వరగా పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారవచ్చు. కొన్ని ప్రకటనల్లో "కోల్డ్" అన్నది చిన్న అక్షరాల్లోకి జారిపోయి "ఎనామెల్" మాత్రమే మిగులుతుంది. "ఎనామెల్ తరహా", "పోర్సెలిన్ లాంటి తెలుపు" అన్నవి లక్క పూతకి మారుపేర్లు.

"చేతితో మెరుగుపెట్టిన" అనేది ఇంకో సాగే మాట. మొత్తం యంత్రం చేసి, చివర్లో ఒక మనిషి అంచు తుడిచినా ఆ మాట వాడుకోవచ్చు. పరిమిత సంఖ్య సంగతీ అంతే. పది డయల్సే చేయగలిగి పది చేయడం వేరు, ఎన్నైనా చేయగలిగి రెండు వేల దగ్గర ఆపడం వేరు. మొదటిది తరుగు వల్ల వచ్చిన సంఖ్య, రెండోది మార్కెటింగ్ విభాగం వేసిన సంఖ్య.

మన దేశంలో కూడా ఈ దారిలో అడుగులు పడ్డాయి. టైటాన్ తన నలభై ఏళ్ల సందర్భంగా జల్సా అనే టూర్‌బియాన్ వాచీని పదంటే పదే చేసింది. ధర 40.5 లక్షల రూపాయలు. పద్మశ్రీ గ్రహీత షాకిర్ అలీ దాని డయల్ మీద జైపూర్ హవా మహల్‌ని సూక్ష్మచిత్రంగా వేశాడు. జైపూర్ వాచ్ కంపెనీ పాత నాణేలనే డయల్స్‌గా వాడి పేరు తెచ్చుకుంది. మీనా పనిలో ఇంత పాత చేతులున్న దేశంలో, కొలిమిలో కాల్చిన మంచి ఎనామెల్ డయల్‌కి ఇంకా స్విట్జర్లాండ్, జపాన్ పేర్లే చెప్పుకోవాల్సి రావడం కొంచెం వెలితే.

స్విస్ వాచీలు కొనేవాళ్లకి ధరలో కొంత ఊరట రావచ్చు. స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ కూటమితో భారత్ 2024 మార్చి 10న చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం కొన్నేళ్లలో దశలవారీగా తగ్గుతుంది. జపాన్ వాచీలకి ఈ ఒప్పందంతో సంబంధం లేదు.

కొన్నాక సంగతి కూడా ధరలో భాగమే. ఎనామెల్ ఎండకి వెలవదు, వందేళ్లకైనా అదే రంగు. రంగు వేసిన పాత డయల్స్ ఎండకి గోధుమ రంగుకి తిరిగితే వాటిని "ట్రాపికల్" అని పేరు పెట్టి ఎక్కువ ధరకి కొనే వింత వేరే ఉందనుకోండి. ఎనామెల్‌కి భయం ఎండతో కాదు, దెబ్బతో. వాచీ గట్టి నేల మీద పడితే యంత్రం బతికి డయల్ పగలొచ్చు. సర్వీసింగ్‌లో ముళ్లు నొక్కేటప్పుడు నడిమి చిల్లు దగ్గర పెచ్చు లేవొచ్చు. డయల్‌ని యంత్రానికి పట్టి ఉంచే వెనకవైపు సన్నటి కాలి మర ఎక్కువ బిగిస్తే వెనకనుంచి ముందుకి పగులు పాకొచ్చు. అందుకే ఎనామెల్ డయల్ వాచీని వీధి చివర సెల్ బ్యాటరీ మార్చే షాపులో విప్పించడం అస్సలు మంచిది కాదు. పైగా ఇలాంటివి చాలావరకు సూటు మీదకి చేసిన పలచటి వాచీలు, నీటి నిరోధం 30 మీటర్లని రాసి ఉన్నా అది చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపరకి సరిపోయేంతే. వానలో బండి మీద వెళ్లేటప్పుడు పెట్టుకునేవి కావు.

పగిలిన ఎనామెల్‌ని మళ్లీ కొలిమిలో పెట్టి అతికించడం దాదాపు కుదరదు. అంకెలు చెదురుతాయి, పక్క రంగులు మాడతాయి. రెజిన్‌తో పూడ్చి రంగు కలిపి వదిలేస్తారు. మామూలు కంటికి అది కనబడకపోవచ్చు. వేలం సంస్థల నిపుణులు అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. ఆ వెలుతురులో రెజిన్ ఒక తీరుగా, గాజు ఇంకో తీరుగా మెరుస్తాయి. పూడ్చిన చోటు బయటపడిందా, యంత్రం ఎంత బాగున్నా ఆ వాచీకి వేలంలో పలికే ధర దిగిపోతుంది.